సంచమ్మ ఉన్నట్టా, లేనట్టా?

ఒక పెద్ద అడవిలో ప్రతిరోజూ మధ్యాహ్నం దాటగానే వాన కురిసేది. ఆ వానకు చెట్లు ఆకాశం కనబడనంత ఎత్తుకు పెరిగాయి. చెట్ల మీద తీగలు, తీగల మీద నాచు, నాచు చాటున తొర్రలు, ఆ తొర్రల్లో పిడికెడేసి ప్రాణులు. ఒంటినిండా ముళ్లున్న ఎలుకలు, పండ్లు తినే గబ్బిలాలు, తోకతో వేలాడేవి, కడుపున సంచి ఉన్నవి, ఇంకా ఎవరూ పేరు పెట్టనివి. బ్రహ్మదేవుడు పెద్ద జంతువులను తొందర తొందరగా ముగించి, ఆ తర్వాత తీరిక దొరికినప్పుడల్లా ఈ చిన్నవాటిని చేసుకుంటూ కూర్చున్నాడని ఆ అడవిలో ముసలివాళ్లు చెప్పుకునేవారు.

ఆ అడవికి పులి రాజు. ఒకనాడు భోజనానంతరం ఆయనకు దయ పుట్టింది.

"మన రాజ్యంలో చిన్నప్రాణులు తగ్గిపోతున్నాయట. కాపాడండి" అన్నాడు.

కాపాడాలంటే ముందు లెక్కపెట్టాలి. లెక్కపెట్టాలంటే ఒక శాఖ కావాలి. శాఖకు ఒక అధికారి కావాలి. ఆ అధికారిని నియమించడంతో దయ పూర్తయింది. రాజు నిద్రపోయాడు.

చిన్నప్రాణుల గణన, రక్షణ శాఖకు అధికారిగా ముళ్లపంది కంటకయ్యగారు వచ్చారు. ఆయన వీపు మీద ఉన్నవన్నీ కలాల్లాగే కనిపిస్తాయి కనుక అంతకంటే యోగ్యుడు లేడని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. వాటిలో సిరా ఉందా అని ఎవరూ అడగలేదు.

శాఖ పద్ధతి చాలా శాస్త్రీయమైనది. తలుపున్న చెక్కపెట్టెలో వేరుశెనగ ముద్ద పెట్టాలి. వాసనకు వచ్చిన ప్రాణి లోపలికి వెళ్లగానే తలుపు పడుతుంది. తెల్లవారాక తలుపు తీసి, ఏ జాతో రాసుకుని, నుదుట పండ్లరసంతో ఒక బొట్టు పెట్టి వదిలేయాలి. బొట్టు ఉన్నది మళ్లీ దొరికితే రెండోసారి రాయకూడదు. పద్ధతిలో ఏ లోపమూ లేదు. లోపమంతా వానలో ఉంది. ఉదయం పెట్టిన బొట్టు సాయంత్రానికి ఉండేది కాదు.

పెట్టెలు పన్నెండు. వాటిని కొండ మీద, ఏటి ఒడ్డున, లోయల్లో తలా ఒకటి అమర్చే పని కోతి కొమ్మయ్యకు అప్పగించారు. కొమ్మయ్య ఒక పెట్టెను అత్తగారికి బహూకరించాడు. మరొకటి మరదలి సీమంతానికి వెళ్లింది. తక్కినవీ అలాగే బంధువుల ఇళ్లకు చేరి, లెక్కించి చూస్తే చివరకు ఒకటే మిగిలింది. దాన్ని మోసుకుంటూ లోయలోకి దిగితే కాలు జారుతుందేమోనని, కార్యాలయం ఎదురుగా దారిపక్కనే పెట్టేశాడు. అడవి మొత్తానికీ అదే ప్రతినిధి పెట్టె అయింది.

ఆ పెట్టెకు పది బారల దూరంలో బొద్దన్న అనే ముళ్ల ఎలుక ఉండేవాడు. మొదటిరోజు వేరుశెనగ వాసనకు వెళ్లి పెట్టెలో చిక్కుకుని, లబోదిబోమని ఏడ్చాడు. తెల్లవారి కొమ్మయ్య తలుపు తీసి, బొట్టు పెట్టి, వదిలేశాడు. బొద్దన్న ఇంటికి వెళ్లి ఆలోచించాడు. కడుపు నిండా తిండి, నాలుగు వైపులా గోడలు, గద్ద భయం లేదు, పొద్దున్నే ప్రభుత్వోద్యోగి స్వయంగా వచ్చి తలుపు తీస్తాడు. ఇంతకంటే సౌఖ్యం ఏముంటుంది? రెండోరోజు తనంత తానే వెళ్లి పెట్టెలో పడుకున్నాడు. మూడోరోజు తలగడగా కాస్త నాచు కూడా తెచ్చుకున్నాడు.

రోజుకొక ముళ్ల ఎలుక. ఏడాది దాటి మరో నెలన్నర గడిచేసరికి నాలుగు వందల పన్నెండు.

పులిరాజు నివేదిక విని పరమానందభరితుడయ్యాడు. "ఎవడయ్యా తగ్గిపోతున్నాయన్నది?" అని కంటకయ్యగారి మెడలో పూలతీగ వేయించాడు. మెడ దాకా వెళ్లకుండా అది ముళ్లకే చిక్కుకుందన్నది వేరే సంగతి. బహుమానం దక్కాక కొమ్మయ్య రోజూ తలుపు తీయడమే కానీ, రాసుకోవడం మానేశాడు.

ఇప్పుడు అత్తిలోయ సంగతి చెప్పాలి.

అడవి నడుమ చల్లని లోతైన లోయ ఒకటి ఉంది. అందులో అత్తిచెట్లు ఏడాదంతా కాసేవి. అక్కడ సంచమ్మ అనే చిన్న ప్రాణి కాపురం ఉండేది. ఎలుకంత ఒళ్లు, కడుపున సంచి, పొడుగు తోక. రెండు కళ్ల మీద రెండు తెల్లమచ్చలు ఉండడం వల్ల దూరం నుంచి చూసినవాళ్లకు నాలుగు కళ్లనిపించేవి. ఆమె భర్త పిల్లలు సంచిలో ఉండగానే గద్ద పాలయ్యాడు. ఆమెకు తొమ్మిదిమంది పిల్లలు. సంచిలో పట్టే వయసు దాటి, అప్పటికి అమ్మ వీపు పట్టుకుని వేలాడుతున్నారు. ఆ లోయలో పండిన అత్తిపళ్లు తప్ప ఆ పిల్లలకు మరో ఆధారం లేదు.

లోయలో పెట్టె లేదు కనుక లోయలో ఒక్క ప్రాణీ దొరకలేదు. దొరకలేదు కనుక పుస్తకంలో సున్న పడింది. సున్న పడింది కనుక "అత్తిలోయ ఖాళీ" అని కంటకయ్యగారు రాసి పంపారు. పులిరాజు దాని మీద పంజాతో రాజముద్ర వేశాడు.

ఖాళీ జాగా అన్న మాట చెవిన పడగానే అడవిపందుల పెద్ద బురదప్ప దరఖాస్తు పెట్టుకున్నాడు. తన మంద దొర్లడానికి బురద చాలడం లేదట. లోయలో చెట్ల వేళ్లు పెకలించి, ఊటకు అడ్డుకట్ట వేస్తే మూడు వందల పందులకు సరిపడే బురద తయారవుతుందట. పది రోజుల్లో లోయ అప్పగిస్తామని జవాబు వచ్చింది.

ఆ వార్త విన్న రోజున సంచమ్మ పిల్లలనందరినీ వీపున వేసుకుని, నిట్టనిలువు కొండ ఎక్కి కార్యాలయానికి వచ్చింది.

"దండాలయ్యా. అత్తిలోయ ఖాళీ కాదు. మేమున్నాం" అంది.

కంటకయ్యగారు పుస్తకం నుంచి తల ఎత్తలేదు. "ఉన్నట్టు ఆధారం?"

"నేనే వచ్చాను కదయ్యా. ఎదురుగా నిలబడ్డాను."

"నిలబడినవాళ్లంతా ఉన్నట్టు కాదమ్మా. నిన్న ఒక గబ్బిలం వచ్చి ఆ వాసానికి తలకిందులుగా వేలాడి, తానూ ఉన్నానని గంటసేపు వాదించింది. రాసుకున్నామా? పెట్టెలో దొరికితేనే ఉన్నట్టు."

"పెట్టె మా లోయలో లేదు కదయ్యా."

"లోయలో ఎవరూ లేనప్పుడు పెట్టె ఎవరి కోసం పెట్టాలి?"

వీపున ఉన్న పిల్లల్లో ఒకతె, "అమ్మా, ఈయన ఉన్నాడా?" అని చెవిలో అడిగింది. తల్లి దాని నోరు తోకతో మూసింది.

గుమ్మం దగ్గర పేలు చూసుకుంటున్న కొమ్మయ్య జాలిపడ్డాడు. "అమ్మా, అంత ఆలోచన దేనికి? వెళ్లి ఒక పూట ఆ పెట్టెలో కూర్చో. రేపు పొద్దున నేనే తీసి రాసుకుంటాను. ఉన్నదానివైపోతావు."

తలుపున్న చోట పెట్టిన తిండి ముట్టవద్దని సంచమ్మకు వాళ్లమ్మ చెప్పింది. వాళ్లమ్మకు వాళ్లమ్మ చెప్పింది. ఆ మాట విన్నవాళ్లు బతికారు గనుకనే ఆ వంశం అందాకా వచ్చింది. కానీ ముందు ఉండడానికి చోటంటూ ఉంటే కదా పెద్దల మాట వినడం. ఆమె నిట్టూర్చి పెట్టె దగ్గరికి నడిచింది.

కొమ్మయ్య వెంట వచ్చి పెట్టె తలుపు ఎత్తాడు. లోపల బొద్దన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"బొద్దన్నా, ఈ ఒక్క పూటకు నాకు చోటిస్తావా నాయనా?"

బొద్దన్న ఒక కన్ను తెరిచాడు. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అక్కా? నేను ఒక్కణ్ణి కాదు. నాలుగు వందల పన్నెండు మందిని. పుస్తకం చూసుకో. మమ్మల్ని 'మీరు' అనాలి."

"సరే నాయనా. మీరు నాలుగు వందల పన్నెండు మందీ కాస్త పక్కకు జరుగుతారా?"

"పెద్ద కుటుంబం అక్కా. ఊరికే కదలడం కుదరదు. తలకు పది అత్తిపళ్లిస్తే చూద్దాం."

"తలకాయ ఒకటే కనబడుతోంది కదయ్యా."

"కార్యాలయం దృష్టిలో అలా కాదు."

"అయితే కార్యాలయాన్నే అడిగి తినండి. నా చేతిలో ఉన్నవి ఇరవై."

బొద్దన్న కాసేపు తన నాలుగు వందల పన్నెండు మందితో సంప్రదించినట్టు ముఖం పెట్టి, ఇరవై పళ్లూ తీసుకుని, పక్క పొదలోకి బదిలీ అయ్యాడు. సంచమ్మ పిల్లలతో లోపలికి వెళ్లింది. తలుపు టక్కున పడింది. ఆమె గుండె కూడా అలాగే పడింది.

తెల్లవారాక కొమ్మయ్య తలుపు తీశాడు. లోపల చీకట్లో కళ్లు మెరిశాయి. కళ్లు లెక్కపెట్టి రెండుతో భాగించడం శాఖవారి పద్ధతి.

"నలభై కళ్లు. ఇరవై శాల్తీలు" అని అరిచాడు.

"బాబూ, మేం పదిమందిమే. పైన ఉన్నవి కళ్లు కావు, మచ్చలు" అంది సంచమ్మ.

"మచ్చలో కళ్లో తేల్చే హోదా నాకు లేదమ్మా."

"పోనీ తోకలు లెక్కపెట్టు."

"తోకలకు ఉత్తర్వు లేదు."

జాతి ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. అడవిలో చిన్నప్రాణులు ఎన్ని వందల రకాలున్నా, పట్టికలో గడులు నాలుగే: ముళ్ల ఎలుక, ఉడత, గబ్బిలం, ఇతరములు.

"ఇతరములలో రాయండయ్యా" అంది సంచమ్మ.

కంటకయ్యగారు విచారంగా తల అడ్డంగా ఊపారు. "అందులో కార్యాలయపు చీమలపుట్టను రాశాం. నిండిపోయింది. నువ్వు ముళ్ల ఎలుకవే."

"నాకు ముళ్లేవయ్యా?"

కంటకయ్యగారు ఆమెను అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది. వీపు నుంచి ఒక కలం లాగి, పుస్తకంలో ఇలా రాశారు: "ముళ్ల ఎలుకలు, ఇరవై. ముళ్లు రాలిపోయినవి. పరిణామం మన శాఖ పర్యవేక్షణలో చురుకుగా సాగుతున్నది."

"లోయ మాటేమిటయ్యా?"

"లోయా? నువ్వు దొరికింది దారిపక్కన. నీ చిరునామా దారిపక్క అని పడింది. లోయ ఖాళీగానే ఉంది" అన్నారు కంటకయ్యగారు. సంచమ్మ బొట్టు పెట్టించుకుని, ఇరవై పళ్లు పోగొట్టుకుని, ఇంటికి దిగివచ్చింది.

కొత్త నివేదిక రాజుగారికి చేరింది. నాలుగు వందల ముప్పై రెండు ముళ్ల ఎలుకలు. ఈసారి పులికి ఆనందం కలగలేదు. ఆ రోజు ఆకలిగా ఉన్నాడు.

"మరీ ఎక్కువైపోయాయి. ఇలా పెరిగితే అడవి సమతుల్యం ఏం కావాలి? నాలుగు వందలు తీసివేసి ముప్పై రెండు మిగల్చండి. రక్షణ అంటే పెంచడమొక్కటే కాదు" అని ఉత్తర్వు ఇచ్చాడు.

ఆ ఉత్తర్వు అమలు చేయడానికి అడవిపిల్లి దండపాణి బయలుదేరాడు. ఆయన నియమనిష్ఠలు గల వేటగాడు. కాగితంలో లేనిదాన్ని ఏనాడూ కొరికి ఎరగడు. కాగితంలో ఉన్నదాన్ని ఏనాడూ వదిలి ఎరగడు. సరిగ్గా అదే ఉదయం బురదప్ప కూడా మూడు వందల మందను వెంటబెట్టుకుని, లోయ అప్పగింత పత్రం కోసం కార్యాలయానికి వచ్చాడు. ఆఖరిసారి కాళ్లావేళ్లా పడి చూద్దామని సంచమ్మ కూడా పిల్లలతో వచ్చింది.

దండపాణి ఉత్తర్వు విప్పాడు. "కంటకయ్యగారూ, నాలుగు వందల ముళ్ల ఎలుకలను అప్పగించండి."

కంటకయ్యగారి ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. కొమ్మయ్య పెట్టె తలుపు తీశాడు. లోపల బొద్దన్న ఆవులిస్తూ కూర్చున్నాడు.

"ఒకటి. తక్కినవి?" అన్నాడు దండపాణి.

కొమ్మయ్య పెట్టె వెనక్కి తొంగి చూశాడు.

దండపాణి పుస్తకం తిరగేసి, పెట్టెలోకి చూసి, మళ్లీ పుస్తకం చూశాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను. ఎలుకను పట్టి కొండ అని రాయడం ఇప్పుడే చూస్తున్నాను."

బొద్దన్నకు విషయం బోధపడింది. "దొరవారూ, తొందరపడకండి. నాలుగు వందలు తీసివేయమన్నారు, ముప్పై రెండు మిగల్చమన్నారు. ఆ మిగలవలసిన ముప్పై రెండూ నేనే" అన్నాడు.

"తీసివేయవలసిన నాలుగు వందలూ కూడా నువ్వే కదా. ముందు రాసినది ముందు అమలు చేస్తాను" అంటూ దండపాణి పెట్టె మీద పంజా మోపాడు.

బొద్దన్న గొంతు కీచుమంది. "అదిగో! అక్కడ నిలబడి చూస్తున్నది కూడా ముళ్ల ఎలుకే! పుస్తకంలో ఉంది! పిల్లలు కూడా లేతగా ఉన్నారు దొరా, చూడండి!"

అందరి చూపులూ సంచమ్మ మీద పడ్డాయి. దండపాణి పుస్తకంలో వేలితో వెతికాడు. ముళ్లు రాలిపోయినవి, ఇరవై. ఆయన పెదవులు నాక్కుని పంజా ఎత్తాడు. తొమ్మిదిమంది పిల్లలూ అమ్మ బొచ్చులో ముఖాలు దాచుకున్నారు.

సంచమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"దొరా, నేను చదువుకోలేదు. ఒక్క సందేహం తీర్చి తర్వాత తినండి. మేముండేది అత్తిలోయలో. అక్కడ తప్ప ఒక్క పూట కూడా ఎక్కడా బతకలేదు. ఆ లోయ ఖాళీ అని, అక్కడ ఎవరూ లేరని రాజముద్ర వేశారు. లేనిదాన్ని తమరు ఎట్లా తింటారు? తిన్నాక తమ పుస్తకంలో ఏమని రాస్తారు? ఒకవేళ నేనున్నాననే తమరు తేలిస్తే సంతోషంగా తినండి. కానీ అప్పుడు లోయ ఖాళీ కాదు, పందులకు ఇవ్వడానికి లేదు. నా తొమ్మిదిమందిలో ఒక్కటి తప్పించుకున్నా దానికి ఇల్లు మిగులుతుంది."

దండపాణి పంజా గాలిలోనే ఆగిపోయింది. ఆయన జీవితంలో కాగితం కాగితంతో కొట్టుకోవడం అదే మొదటిసారి.

"ఆమె ఉంది. నాకు వాసన వస్తోంది" అన్నాడు చివరకు.

"లేదు!" అని గర్జించాడు బురదప్ప. "ఏం మాటలవి? ఆమె ఎక్కడుంది? రాజముద్ర నా దగ్గరుంది. లోయలో చీమ కూడా లేదు. ఆమె లేదు, ఆమె పిల్లలు లేరు, ఆమె అమ్మమ్మ కూడా లేదు!"

"ఉంది. ఇప్పుడు తిని చూపిస్తాను."

"తినవయ్యా చూద్దాం! లేనిదాన్ని తిని నా లోయ పోగొడతావా?"

బురదప్ప వచ్చి సంచమ్మకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన వెనుక మూడు వందల పందులు కోరలు బయటపెట్టి నిలబడ్డాయి. ఆమె అక్కడ లేదని నిరూపించడం కోసం అవి ఆమె చుట్టూ కోట కట్టాయి. సంచమ్మను ఆ అడవిలో ఎవరూ అంత భద్రంగా కాపాడింది లేదు.

దండపాణి తోక ఝాడించాడు, బురదప్ప గిట్ట గీరాడు. ఆ తర్వాత ఎవరు ముందు దూకారో చెప్పడం కష్టం. కార్యాలయపు గోడ పడిపోయింది, పుస్తకం మూడు ముక్కలైంది, కంటకయ్యగారి కలాలు సగం పందుల ముట్టెల్లో దిగబడ్డాయి. చెవి చిరిగిన పిల్లి, మూతి వాచిన పంది ఇద్దరూ పరుగున రాజుగారి దగ్గరికే వెళ్లారు.

పులిరాజు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒకదాని ప్రకారం సంచమ్మ ఉంది. మరొకదాని ప్రకారం లేదు. రెండింటి మీదా ఉన్నది ఆయన పంజా గుర్తే.

"రాజముద్ర అబద్ధమాడదు. కనుక రెండూ నిజమే. ఏది ఎక్కువ నిజమో విచారించండి. అది తేలేదాకా అత్తిలోయలోకి పంది కానీ పిల్లి కానీ అడుగుపెట్టరాదు. అక్కడ ఎవరైనా ఉంటే ఉన్నచోటే ఉండాలి. లేకపోతే లేనిచోటే ఉండాలి" అని తీర్పు చెప్పి లేచాడు.

విచారణాధికారిగా కంటకయ్యగారినే వేశారు, ఆ విషయం అంత క్షుణ్ణంగా తెలిసినవారు మరొకరు లేరు కనుక. సంచమ్మ ఉందని తేలిస్తే ఆయన రాసిన సున్న తప్పవుతుంది. లేదని తేలిస్తే ఆయన రాసిన ఇరవై తప్పవుతుంది. కంటకయ్యగారు బాగా ఆలోచించి, ఫైలుకు గట్టి తాడు కట్టి, అటక మీద పెట్టి, మరికొంత గడువు కోరారు. బొద్దన్నను ముఖ్యసాక్ష్యంగా పెట్టెలోనే ఉంచి, సాక్ష్యం చిక్కిపోకుండా రోజుకు రెండు పూటలా వేరుశెనగ పెట్టించారు. అతను ఇప్పుడు బయటికి రావాలన్నా ఆ గుమ్మంలో పట్టడు.

కంటకయ్యగారు పదవీ విరమణ చేశారు. తర్వాత వచ్చినవారు తాడు ముడి చూసి భయపడ్డారు. ఆ తర్వాత వచ్చినవారు అటకనే చూడలేదు. లోయలో అత్తిచెట్లు కాస్తూనే ఉన్నాయి. సంచమ్మ పిల్లలకు పిల్లలు పుట్టారు. ఆ పిల్లల వీపుల మీదా పిల్లలు వేలాడుతున్నారు.

ఏటా ఒకసారి ముసలి సంచమ్మ ఒక దొన్నెలో అత్తిపళ్లు పెట్టుకుని, మెల్లగా కొండ ఎక్కి కార్యాలయానికి వెళుతుంది.

"అయ్యా, మా ఫైలు ఏమైనా కదిలిందా?"

"ఇంకా లేదమ్మా."

"చల్లగా ఉండండి నాయనా" అని దొన్నె అక్కడ పెట్టి, ఆమె తేలికైన మనసుతో ఇల్లు చేరుతుంది.

నీతి: పులి దయ కన్నా తేలని ఫైలే పదింతల రక్ష.